కోడ్ వదలని ఆర్కిటెక్ట్

మన సాఫ్ట్‌వేర్ రంగంలో నలభై దాటిన మనిషి ఇంకా కోడ్ రాస్తున్నాడంటే చుట్టుపక్కల వాళ్ళు కాస్త జాలిగానే చూస్తారు. ప్రోగ్రామర్‌గా చేరి, టీమ్ లీడ్ అయి, ఆ తర్వాత మేనేజరో ఆర్కిటెక్టో అయ్యాక కోడ్ పని కుర్రవాళ్ళకు అప్పగించి మీటింగులకూ పవర్‌పాయింట్లకూ మారడమే ఎదుగుదల అన్న లెక్క హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ దాకా ఒకటే. పెళ్ళిళ్ళలో కలిసే పాత సహోద్యోగులు "ఇంకా కోడింగేనా?" అని అడుగుతారు, ఆ గొంతులో పరామర్శ వినిపిస్తుంది. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ (సంస్థ కంప్యూటర్ వ్యవస్థలన్నీ ఎలా ఉండాలో నిర్ణయించే మనిషి) హోదాలో ఉంటూనే నేను కోడ్ రాస్తాను, ఇతరులు రాసింది చదువుతాను, ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడే అసలు వ్యవస్థలో, సమస్య వచ్చిన రాత్రి లాగ్‌లు (వ్యవస్థ తన పనిని నమోదు చేసే చిట్టాలు) తిరగేస్తాను. సరదా కోసమో, పాత అలవాటు వదులుకోలేకో చేస్తున్నానని కొందరు అనుకుంటారు. ఈ పనులు మానేసిన ఆర్కిటెక్ట్ తీసుకునే నిర్ణయాలను నమ్మడం కష్టమన్న అభిప్రాయానికి నేను ఎలా వచ్చానో చెప్పడానికే ఈ టపా.

నేను కంప్యూటర్ సైన్స్ చదవలేదు. 1990ల చివర్లో డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఎందరిలాగో నేనూ అమీర్‌పేట చేరాను. మైత్రీవనం చుట్టుపక్కల భవనాలకు కింది నుంచి పై దాకా కట్టిన బోర్డుల మీద ఆ రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్స్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్లు) అన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపించేది, ఎందుకంటే 2000 సంవత్సరం రాకముందే పాత కోబాల్ ప్రోగ్రాములను సరిచేసే మనుషులు అమెరికా కంపెనీలకు పెద్ద సంఖ్యలో కావలసి వచ్చారు. హాలు నిండా కుర్చీలు, జిరాక్స్ నోట్సు, వంతుల వారీగా దొరికే టెర్మినల్, వీటి మధ్య కోబాల్ భాషతో పాటు జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్ వంటి మెయిన్‌ఫ్రేమ్ సాధనాలు నేర్చుకొని ఒక సర్వీసెస్ కంపెనీలో ఉద్యోగం సంపాదించాను. మొదటి ప్రాజెక్టు అమెరికాలోని ఒక బీమా సంస్థది. వయసులో నాకంటే పెద్దవైన ప్రోగ్రాములను చదివి, సంవత్సరాన్ని రెండంకెల్లో దాచి, 2000ను 1900గా పొరబడే చోటల్లా గుర్తుపెట్టడమే పని. కొత్తగా ఏమీ రాయకుండా నెలల తరబడి ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చదవడం అప్పట్లో శిక్షలా అనిపించింది గానీ, తర్వాత ఏ కోర్సూ నాకు అంత నేర్పలేదు.

రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలకు పెంచితే రికార్డు పొడవు మారుతుంది, రికార్డు పొడవు మారితే ఆ ఫైలును చదివే ప్రతి ప్రోగ్రామూ మారాలి. అంత సమయం లేక చాలాచోట్ల విండోయింగ్ అనే పద్ధతి వాడారు. సంవత్సరం ఉన్న గడిలో 00 నుంచి 49 వరకు ఏ సంఖ్య ఉన్నా 2000 తర్వాతి సంవత్సరమని, 50 నుంచి 99 వరకు ఉంటే 1900ల నాటిదని ప్రోగ్రామే ఊహించుకుంటుంది. 1999 డిసెంబర్ 31 ఎవరి కోసమూ ఆగదు కనుక అప్పటికి అది తెలివైన నిర్ణయమే. అయితే 50ని హద్దుగా పెట్టుకొన్న ప్రోగ్రాము, 2020లో మొదలైన ముప్పై ఏళ్ళ ఒప్పందం 1950లోనే ముగిసిపోయిందని లెక్కకడుతుంది. ఆ హద్దును ఎంచుకొన్నవాళ్ళు ఉద్యోగ విరమణ చేసి, మనవళ్ళను ఆడించుకుంటున్న సమయానికి దాని బిల్లు వచ్చింది. తర్వాత మార్చుకోవాలంటే ఖరీదయ్యే నిర్ణయాలన్నిటినీ కలిపి ఆర్కిటెక్చర్ అంటారని నాకు ఏ పుస్తకమూ చెప్పకముందే ఆ రెండంకెల గడి చెప్పింది. అటువంటి గడులు పెట్టెలూ బాణాలూ గీసిన బొమ్మల్లో ఎప్పుడూ కనిపించవు.

ఆ ప్రాజెక్టులోనే బ్యాచ్ జాబుల (రాత్రిపూట గుంపుగా నడిచే ప్రోగ్రాముల) పర్యవేక్షణ కూడా మాకు అప్పగించారు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి పదింటికి జాబులు మొదలైతే, వాళ్ళు గడియారాలు మార్చుకొనే కాలాన్ని బట్టి మనకు ఉదయం ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది కనుక, వాళ్ళ నిద్రకు మేం కాపలా. జాబు పడిపోతే చాలాసార్లు కనిపించే కోడ్ ఎస్‌0సీ7; అందరం సాక్ సెవెన్ అనేవాళ్ళం. ప్యాక్డ్ డెసిమల్ గడిలో, అంటే అంకెలను కుదించి దాచే చోట, అంకెలకు బదులు మరేదో ఉంటే యంత్రం లెక్క చేయలేక ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. డంప్ (ఆగిన క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు) తెరిచి హెక్సాడెసిమల్ వరుసల్లో వెతుకుతూ పోతే ఒకచోట 40 40 40 అని వరసగా కనిపిస్తుంది. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఈబీసీడిక్ అనే అక్షర సంకేతాల పద్ధతిలో 40 అంటే ఖాళీ. ఆ ఖాళీలు ఎక్కణ్ణుంచి వచ్చాయని తవ్వితే, పడిపోయిన ప్రోగ్రాములో దోషం కనిపించేది కాదు. దానికి ఫైలు పంపే విభాగం ఆ గడిని నింపకపోయినా పరవాలేదనుకొంది, అందుకొనే విభాగం అది తప్పక నిండి వస్తుందనుకొంది. రెండు విభాగాల మధ్య ఎవరూ రాసుకోని ఆ ఒప్పందమే తెల్లవారుజామున జాబును పడేసింది. ఆ తర్వాత నేను చూసిన పెద్ద పెద్ద వైఫల్యాలలో చాలావాటికి మూలం ఇదే రకంగా రెండు వ్యవస్థల సరిహద్దులో దొరికింది. మధ్యలో కోబాల్ బదులు జావా, ఫైలు బదులు ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా మాట్లాడుకొనే దారి) వచ్చాయంతే.

2000ల మొదట్లో అమెరికా వెళ్ళేసరికి అంతా జావా, ఆ వెనకే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్. కంపెనీలోని వ్యవస్థలన్నీ మధ్యలో ఉండే ఒక సర్వీస్ బస్ ద్వారానే మాట్లాడుకోవాలన్నది అప్పటి సిద్ధాంతం. కాగితం మీద ముచ్చటగా ఉండేది. ఆ బస్‌కు అడాప్టర్లు (ఒక్కో వ్యవస్థను దానికి కలిపే ప్రోగ్రాములు) రాసే పని నాకు పడింది కనుక లోపల ఏం జరుగుతోందో దగ్గరగా చూశాను. బస్‌ను నడిపే బృందం ఒకటే, దాని ముందు అన్ని విభాగాల అర్జీల వరుస. త్వరగా పని కావాలని ఎవరికి వారు తమ వ్యాపార నియమాలను బస్‌లో సందేశాల రూపం మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైళ్ళలో కూరేవారు. ఫలానా రాష్ట్రంలో ఫలానా పాలసీకి తగ్గింపు ఇవ్వకూడదన్న నియమం పాలసీ వ్యవస్థలోనూ లేదు, బిల్లింగ్ వ్యవస్థలోనూ లేదు, రెండిటి మధ్య ఉత్తరాలు మోసే చోట దాక్కొని ఉంది. ఒక సంస్థ తయారుచేసే వ్యవస్థల రూపం ఆ సంస్థలోని మనుషుల మధ్య సంప్రదింపుల రూపానికి నకలుగా ఉంటుందని అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. ఆ వ్యాసం చదవకముందే ఆ నకలు నా చేతుల మీదుగా తయారైంది. అందుకే ఇప్పటికీ ఏ కొత్త డిజైన్ అయినా సమీక్షకు వస్తే, దీన్ని ఏ బృందం నడుపుతుంది, ఆ బృందం ఎవరికి జవాబు చెప్పుకుంటుంది అన్న ప్రశ్నలు ముందు వేసి, టెక్నాలజీ సంగతి తర్వాత అడుగుతాను.

చేత్తో పని చేయడం ఎందుకు అవసరమో నాకు అన్నిటికంటే స్పష్టంగా చూపించింది ఒక మైగ్రేషన్. ఒక బీమా సంస్థ బిల్లింగ్ వ్యవస్థను కోబాల్ నుంచి జావాకు తరలిస్తున్నారు. పాతదీ కొత్తదీ కొంతకాలం పక్కపక్కనే నడిపి, రెండిటి ఫలితాలను పోల్చే ప్రోగ్రామును నేనే రాస్తానన్నాను. ఆర్కిటెక్టుకు ఇదేం పని అని ప్రోగ్రామ్ మేనేజర్ కనుబొమలెత్తాడు. పోల్చడం మొదలుపెట్టగానే వేలాది పాలసీలలో ఒక్కో సెంటు తేడా వచ్చింది. ఏడాదికి 800 డాలర్ల ప్రీమియాన్ని పన్నెండు వాయిదాలు చేస్తే ఒక్కోటి 66.6666 వస్తుంది. కోబాల్‌లో ప్రత్యేకంగా రౌండెడ్ అని రాయకపోతే మిగిలిన అంకెలను కత్తిరించేస్తుంది, కనుక పాత వ్యవస్థ 66.66 అంది; పన్నెండు వాయిదాలు కలిపితే 799.92, మిగిలిన 8 సెంట్లను మొదటి వాయిదాలో కలిపేది. జావాలో రాసిన బృందం బడిలో నేర్చుకొన్న పద్ధతిలో 66.67 చేసింది, కలిపితే 800.04, అంటే కస్టమర్ నుంచి నాలుగు సెంట్లు ఎక్కువ వసూలు. సెంటు తేడాను ఉపేక్షించవచ్చని సమావేశంలో సగం మంది అన్నారు. అమెరికాలో బీమా ధరల లెక్కను రాష్ట్ర బీమా శాఖకు దాఖలు చేస్తారు, అంకెలను ఎక్కడ ఎలా సవరిస్తారన్నది కూడా ఆ లెక్కలో భాగమే అని ప్రీమియం లెక్కలు కట్టే యాక్చువరీ విభాగం చెప్పాక గదిలో అందరూ నిశ్శబ్దమయ్యారు. స్పెసిఫికేషన్‌లో ఉన్నది "ప్రీమియాన్ని సమాన వాయిదాలుగా విభజించాలి" అన్న ఒక్క వాక్యమే. ఆ వాక్యాన్ని మాత్రమే చదివే ఆర్కిటెక్టుకు 8 సెంట్ల సంగతి ఏనాటికీ తెలియదు.

చెల్లింపుల పని మొదలుపెట్టాక ఇంకో నమ్మకం బలపడింది. నెట్‌వర్క్ మీద పంపిన ప్రతి అభ్యర్థనకూ విజయం, వైఫల్యం అని రెండే ఫలితాలుంటాయని అనుకొని రాసిన కోడ్ ఎప్పుడో ఒకనాడు ఎవరి డబ్బునో రెండుసార్లు తీస్తుంది. జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు. జరిగిందో లేదో తెలియదని. ఈ మూడో స్థితి మనదేశంలో ఇప్పుడు కూరగాయల బండి దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా తెలుసు. ఫోన్‌లో పెండింగ్ అని చూపిస్తుంది, ఖాతాలో డబ్బు తగ్గింది, బండివాడి స్పీకరు పలకలేదు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన సర్క్యులర్ దీన్నే గుర్తించింది. యూపీఐ ద్వారా ఒకరి ఖాతా నుంచి మరొకరికి పంపిన డబ్బు ఇటు తగ్గి అటు చేరకపోతే మరుసటి రోజులోగా వెనక్కి జమ చేయాలని, అంతకు మించితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారమివ్వాలని చెప్పింది. మూడో స్థితి ఉంటుందని ఒప్పుకొని దానికి గడువునూ వెలనూ నిర్ణయించిన ఆ సర్క్యులర్‌ను నేను మంచి డిజైన్ పత్రంగా కొత్తవాళ్ళకు చూపిస్తుంటాను.

దీనికి సాంకేతికంగా విరుగుడు అందరికీ తెలిసిందే: ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో అభ్యర్థన మళ్ళీ వస్తే కొత్తగా డబ్బు తీయకుండా మొదటి ఫలితాన్నే తిరిగి ఇవ్వాలి. ఒక ప్రాజెక్టులో డిజైన్ పత్రం ఈ మాటే చెప్పింది, సమీక్షా మండలి ఆమోదించింది. సమీక్ష అయ్యాక నేను కోడ్ తెరిచి చూస్తే, ఆ సంఖ్యను తయారుచేసే కోడ్ వరుస, విఫలమైతే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే లూప్ లోపల ఉంది. అంటే ప్రయత్నించిన ప్రతిసారీ కొత్త సంఖ్య పుడుతుంది, సర్వర్ ప్రతిదాన్నీ కొత్త చెల్లింపుగానే భావిస్తుంది. ఆ ఒక్క వరుసను లూప్ బయటికి జరిపితే సరిపోయింది. ఆ కోడ్ రాసిన అబ్బాయి తెలివైనవాడే. డిజైన్ పత్రంలో ఆ వరుస ఎక్కడ ఉండాలో ఎవరూ రాయలేదు. "సార్, డిజైన్ మీరిస్తే చాలు, కోడ్ మేం చూసుకుంటాం" అని మర్యాదగా చెప్పే బృందాలకు నేను అంతే మర్యాదగా రిపాజిటరీ (కోడ్ దాచే చోటు) యాక్సెస్ ఇమ్మని అడుగుతాను.

ఒక పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టే మైక్రోసర్వీసుల మీద నాకు ద్వేషమూ లేదు, భక్తీ లేదు. ఒక అభ్యర్థన పూర్తి కావడానికి పది సర్వీసులు వరసగా పలకాలి, ఒక్కోటి 99.9 శాతం సమయం అందుబాటులో ఉంటుంది అనుకుంటే, మొత్తం మీద వచ్చేది 99 శాతమే. నెలకు 43 నిమిషాల అంతరాయం కాస్తా ఏడు గంటలు దాటుతుంది. ఈ గుణకారం చేసి చూపించాక కూడా విడగొట్టడమే మేలని బృందం కారణాలతో చెబితే నాకు అభ్యంతరం ఉండదు, ఎందుకంటే వేర్వేరు బృందాలు ఒకరి కోసం ఒకరు ఆగకుండా విడుదల చేసుకోవడమన్నది నిజంగా విలువైనది. పక్క కంపెనీ చేసింది కనుక మనమూ చేద్దామంటే మాత్రం ఒప్పుకోను.

విడుదల అన్న మాట వచ్చింది కనుక షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్ సంగతి చెప్పకుండా ఉండలేను. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ మార్కెట్ తెరిచిన 45 నిమిషాల్లో ఆ సంస్థ సుమారు 44 కోట్ల డాలర్లు పోగొట్టుకొంది. కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్ల మీద పెట్టవలసి ఉండగా ఒక దాని మీద పెట్టలేదు. పాత కాలంలో వేరే పనికి వాడి వదిలేసిన ఫ్లాగ్‌నే (ఏ కోడ్ నడవాలో చెప్పే గుర్తు) కొత్త ప్రోగ్రాము కోసం మళ్ళీ వాడుకోవడంతో, ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న పాత కోడ్ లేచి ఆర్డర్లు గుప్పించింది. ఆ సంస్థ ఆర్కిటెక్చర్ బొమ్మలో బహుశా ఎనిమిది సర్వర్లూ ఒకేలా, ఒకే రంగులో ఉండి ఉంటాయి. వాడని కోడ్‌ను తీసేయడం, విడుదలను మనిషి చేతి మీద కాకుండా స్క్రిప్టు మీద వదలడం, విడుదలయ్యాక ప్రతి సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో యంత్రమే సరిచూడడం వంటి పనులను ఆపరేషన్స్ వాళ్ళ వ్యవహారమని కొట్టిపారేసే ఆర్కిటెక్టులు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. వాటిని నేను నా పనిలో ప్రధాన భాగంగా లెక్కేసుకుంటాను.

అమెరికా బ్యాంకులూ బీమా సంస్థలూ హైదరాబాద్‌లో సొంత కేంద్రాలు తెరవడం పెరిగాక నేను తిరిగి వచ్చేశాను. ఇక్కడ ఒక సంస్థ కోసం చూసిన డేటా మోడల్‌లో కస్టమర్ పేరుకు 30 బైట్లు ఇచ్చారు, ఇంటిపేరు చివరన రావాలన్నారు, అదీ తప్పనిసరి అన్నారు. అమెరికాలో తయారైన నమూనాను ఎత్తి ఇక్కడ దించారని చూడగానే అర్థమైంది. పేర్లు తెలుగులో కూడా దాచుకోవాలన్నది ఆ ప్రాజెక్టు లక్ష్యాల్లో ఒకటి. చర్చ పెట్టకుండా నేను టెస్ట్ డేటాబేస్‌లో వేంకటేశ్వరరావు అన్న పేరుతో ఒక రికార్డు చేర్చబోయాను. మన కంటికి అది ఏడక్షరాలే; యూనికోడ్ లెక్కలో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా 14, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడేసి బైట్ల చొప్పున 42. ఒరాకిల్ డేటాబేస్ వెంటనే ఓఆర్‌ఏ-12899 అని, గడికి మించిన విలువ అని ముఖం మీద చెప్పింది. తెలుగునాట బీమా అమ్మబోయే సంస్థ వేంకటేశ్వరరావుకు చోటు లేని పట్టికతో బయల్దేరితే ఎలా ఉంటుందో వివరించడానికి ఆ ఎర్రర్ ఒక్కటి చాలింది. గడి కొలతను బైట్ల నుంచి అక్షరాలకు మార్చారు, ఇంటిపేరును ఐచ్ఛికం చేశారు.

ఆర్కిటెక్చర్ పనికి చట్రాలుగా వాడే ఫ్రేమ్‌వర్కుల గురించి క్లుప్తంగా చెబుతాను. జాన్ జాక్‌మన్ 1987లో ఐబీఎం పత్రికలో ప్రచురించిన పట్టిక, 1995 నుంచి ఉన్న టోగాఫ్, రెండూ ఉపయోగపడేవే. వేర్వేరు విభాగాల మనుషులు ఒకే పదజాలంతో మాట్లాడుకోవడానికి, ఏదైనా కోణం మరిచిపోయామా అని చూసుకోవడానికి వాటిని నేను వాడతాను. సర్టిఫికెట్ ఉంది కనుక ఆర్కిటెక్ట్ అనుకోవడం మాత్రం గట్టున కూర్చొని ఈత నేర్చుకోవడమే. పెద్ద పెద్ద పత్రాలకంటే నాకు ఎక్కువ పనికొచ్చింది సాఫ్ట్‌వేర్ నిపుణుడు మైకేల్ నైగార్డ్ 2011లో ప్రచారంలోకి తెచ్చిన నిర్ణయ పత్రాల పద్ధతి. ఒక్కో ముఖ్య నిర్ణయానికి ఒకటి రెండు పేజీల నోటు రాసి, అది కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఉంచాలి: పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏమవుతుంది. నేను వీటికి తోడు, కాదనుకొన్న ప్రత్యామ్నాయాన్నీ దాన్ని ఎందుకు కాదనుకొన్నామో ఆ కారణాన్నీ తప్పక రాయిస్తాను. మూడేళ్ళ తర్వాత కొత్తగా వచ్చిన ఇంజినీరు "ఇదేం తెలివితక్కువ పని" అని విసుక్కొనే ముందు చదవడానికి అదొక్కటి ఉంటే చాలు. విండోయింగ్ హద్దు 50 ఎందుకు పెట్టారో అటువంటి నోటు ఒకటి ఉండి ఉంటే ఎన్ని గంటలు మిగిలేవో.

చేత్తో పనిచేసే ఆర్కిటెక్ట్ అంటే అందరి కోడ్ తానే రాసేవాడని కొందరు పొరబడతారు. విడుదల గడువుతో ముడిపడ్డ ఫీచర్ పనిని నేను ఎప్పుడూ తీసుకోను, ఎందుకంటే నా రోజులో సగం సమావేశాలకే పోతుంది, నా కోసం బృందం ఆగవలసి వస్తే అంతకంటే అన్యాయం లేదు. నేను రాసేవి లోడ్ టెస్టులు, పాత కొత్త ఫలితాలను పోల్చే ప్రోగ్రాములు, కొత్త టెక్నాలజీ పనికొస్తుందో లేదో తేల్చే చిన్న నమూనాలు, ఎవరూ ఇష్టపడని బిల్డ్ స్క్రిప్టులు. ఇవి ఆలస్యమైనా ఎవరి పనీ ఆగదు, రాసేటప్పుడు మాత్రం వ్యవస్థ లోపలి నుంచి కనిపిస్తుంది. కృత్రిమ మేధ సాధనాలు ఈ మధ్య కోడ్‌ను చిటికెలో రాసిస్తున్నాయి, నేనూ వాడుతున్నాను. దానివల్ల రాసే శ్రమ తగ్గింది గానీ చదివే బాధ్యత పెరిగింది. లూప్ లోపల ఉండకూడని వరుసను పట్టుకోవాలంటే అది ఎందుకు అక్కడ ఉండకూడదో తెలిసిన మనిషి ఎవరో ఒకరు చదవాలి. కోబాల్ రోజుల్లో శిక్ష అనుకొన్న ఆ చదివే అలవాటే ఇప్పుడు నాకు ఎక్కువగా అక్కరకొస్తోంది.

ఆర్కిటెక్ట్ ఉద్యోగానికి వచ్చినవాళ్ళను ఇంటర్వ్యూ చేసేటప్పుడు బొమ్మ గీయమని నేను అడగను, అది అందరూ బాగానే గీస్తారు. చివరిసారి ప్రొడక్షన్ లాగ్ ఎప్పుడు చూశారు, అందులో ఏం కనిపించింది అని అడుగుతాను. కొందరు తమ కింద ఎంతమంది పనిచేస్తారో చెప్పడం మొదలుపెడతారు. కొందరు కాసేపు ఆలోచించి, ఫలానా సర్వీసులో కనెక్షన్ పూల్ (డేటాబేస్‌తో మాట్లాడే దారుల గుంపు) నిండిపోయిన రాత్రి గురించి, ఏ క్వెరీ దాన్ని పట్టుకొని కూర్చుందో దాని గురించి చెబుతూ కుర్చీలో ముందుకు జరుగుతారు. అటువంటివాళ్ళతో ఇంటర్వ్యూ నిర్ణీత సమయం దాటిపోతుంది, ఆ తర్వాతి మీటింగుకు నేను ఆలస్యంగా వెళ్తాను.